ఇసుకలో దొరికిన పాత నాణెం ఎవరిది? మెటల్ డిటెక్టర్, విశాఖ తీరం, 1878 నాటి చట్టం

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఈమధ్య ఒకే రకం వీడియో పదేపదే ఎదురవుతోంది. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఒక మనిషి, కింద గుండ్రటి కాయిల్ ఉన్న కర్రను ఇసుక మీద అటూ ఇటూ ఊపుతుంటాడు. బీప్ అనగానే వంగి తవ్వుతాడు. పచ్చగా చిలుము పట్టిన నాణెం బయటపడుతుంది. విశాఖలో ఉండి ఆ వీడియో చూసినవాళ్లకు ఒక ఆలోచన రావడం సహజం. మనకీ ఇంత పొడుగు తీరం ఉంది, భీమిలి ఉంది, బౌద్ధారామమున్న తొట్లకొండ ఉంది. మెషీన్ ఏమో ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. మనమూ వెతికితే?

అక్కడి నుంచి మాటలు తలో దిక్కుకూ పోతాయి. భూమిలో దొరికిందల్లా ప్రభుత్వానిదేనని ఒకరంటారు. బీచ్‌లో దొరికింది దొరికినవాడిదేనని ఇంకొకరు. వందేళ్లు దాటిన నాణెం ఇంట్లో ఉంటేనే జైలని మరొకరు. ఈ మూడింట్లోనూ కాస్తంత నిజం ఉంది, ఏ ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. మెషీన్ ఏం చెప్పగలదు, వెతికిన నేల ఎలాంటిది, నాణెం ఎంత పాతది, అది జారిపోయిందా లేక ఎవరైనా దాచిపెట్టిందా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేసి అన్నిటికీ "గుప్తనిధి" అని పేరు పెట్టడం వల్లే ఇంత గందరగోళం.

మెషీన్‌కు లోహం తెలుస్తుంది, వయసు తెలియదు

డిటెక్టర్ కాయిల్‌లో మామూలుగా రెండు తీగచుట్టలుంటాయి. ఒకదాంట్లో క్షణక్షణం దిశ మారే కరెంటు నడుస్తుంది. దాంతో చుట్టూ అలాగే మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడి నేలలోకి దిగుతుంది. దారిలో లోహం తగిలితే అందులో చిన్న చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాలకు మళ్లీ సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది. పైనున్న రెండో చుట్ట దాన్ని పట్టుకుని బీప్‌గా మారుస్తుంది. జరిగేదంతా ఇదే. నేల కింద ఉన్నదాని బొమ్మ మెషీన్‌కు కనపడదు.

మరి కొన్ని మెషీన్ల తెరమీద ఒక నంబర్ వస్తుంది కదా, అదేమిటి? లోహం నుంచి తిరిగొచ్చే సిగ్నల్, పంపిన సిగ్నల్ కంటే కాస్త వెనకబడి వస్తుంది. ఎంత వెనకబడిందన్నది ఆ లోహంలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నదాని మీద, ఆ వస్తువు సైజు, మందం మీద ఆధారపడుతుంది. రాగి వాహకతను 100 అనుకుంటే వెండిది సుమారు 105, బంగారానిది 70 చుట్టూ, అల్యూమినియంది 60 చుట్టూ, సీసానిది 8 చుట్టూ ఉంటుంది. మందమైన వెండి రూపాయికి పెద్ద నంబర్ వస్తుంది, మేకుకు చిన్న నంబర్ వస్తుంది. ఈ రెండు కొసల దగ్గర మెషీన్ మాట చాలావరకు నమ్మొచ్చు. చిక్కంతా మధ్యలోనే. సన్నటి బంగారు ఉంగరమూ, నలిపి పారేసిన అల్యూమినియం ఫాయిల్ ముక్కా ఒకే నంబర్ చూపించగలవు. ఫాయిల్ వద్దని ఆ నంబర్‌ను మ్యూట్ చేస్తే ఉంగరమూ దాంతోపాటే పోతుంది.

మన తీరానికి సంబంధించి ఇంకో ఉదాహరణ ఉంది. మంగమారిపేట మత్స్యకారులు వల అడుగుకు సీసం గుళ్లు కడతారు, వల నీళ్లలో దిగడానికి. ఆ గుళ్లు తెగి ఇసుకలో పడుతుంటాయి. అదే ఊరి పక్క కొండ మీద, తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు దొరికాయి. శాతవాహనులు సీసంతో నాణేలు విరివిగా వేయించారు. ఇప్పుడు కొండ కింది ఇసుకలో మెషీన్ సీసం నంబర్ చూపించిందనుకోండి. నిన్నటి వల గుండా, రెండువేల ఏళ్ల నాటి నాణెమా? లోహం ఒకటే, సైజు దగ్గరదగ్గర, మెషీన్‌కు తేడా తెలిసే దారి లేదు. తవ్వి చూసేదాకా ఎవరికీ తెలియదు. తవ్వాలా వద్దా అన్న ప్రశ్న కూడా సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

మన నాణేలతో ఇంకో తిరకాసు కూడా ఉంది. 1988 నుంచి మన చిల్లర నాణేలు ఒక్కొక్కటిగా ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్‌కు మారాయి. అవి అయస్కాంతానికి అంటుకుంటాయి. గోదావరి బ్రిడ్జి కింద కుర్రాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి నాణేలు పైకి లాగేది ఈ గుణం వల్లే. మేకులు, ఇనుప ముక్కలు వద్దని డిటెక్టర్‌లో ఇనుము సిగ్నల్ కట్ చేస్తే, ఇలాంటి స్టీల్ రూపాయలు కూడా చాలాసార్లు వినపడకుండా పోతాయి. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో తీసిన వీడియో చూసి సెట్టింగ్స్ పెట్టుకుంటే ఇక్కడ పనిచేయకపోవడానికి ఒక కారణం ఇదే.

యాభై అడుగుల లోతు మాట ఎంతవరకు నిజం

మెషీన్లు అమ్మేవాళ్లు ఎక్కువగా కోతలు కోసేది లోతు గురించే. యాభై అడుగుల కింద ఉన్నదీ పట్టేస్తుందంటారు. దీన్ని లెక్కతో చూద్దాం. కాయిల్ నుంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం, కాస్త దూరం దాటాక, దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. అంటే దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతు. నాణెం నుంచి తిరిగొచ్చేటప్పుడూ మళ్లీ అదే తగ్గుదల. 8ని 8తో గుణిస్తే 64. లోతు రెట్టింపైతే సిగ్నల్ దాదాపు 64వ వంతుకు పడిపోతుందన్నమాట. అందుకే మామూలు డిటెక్టర్‌కు ఒక్క నాణెం అందేది 15 నుంచి 25 సెంటీమీటర్ల దాకానే. జానెడు లోతు అనుకోవచ్చు. నాణెం అంచు మీద నిలబడి ఉంటే ఇంకా తక్కువ. కాయిల్ పెద్దదైతే, వస్తువు కుండంత ఉంటే లోతు పెరుగుతుంది గానీ దానికీ హద్దు ఉంది.

కాబట్టి ఫలానా దిక్కులో అరకిలోమీటరు అవతల బంగారం ఉందని సూది తిప్పి చూపించే "లాంగ్ రేంజ్" పరికరాలకు ఈ సూత్రాలతో సంబంధమే లేదు. బియ్యాన్ని లాగే రాగిచెంబు, అదే "రైస్ పుల్లర్" పేరుతో జరిగే మోసం కూడా ఈ కోవలోదే. మన రాష్ట్రంలో గుప్తనిధుల కోసమని పాడుబడ్డ గుళ్లలో ధ్వజస్తంభాలు, విగ్రహాల పీఠాలు పెకలించిన కేసులు పేపర్లో వస్తూనే ఉంటాయి. చెప్పుడు మాటలు నమ్మి వందల ఏళ్ల శిల్పాన్ని పగలగొట్టడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడ పోయింది మళ్లీ రాదు.

మన ఇసుకలో మెషీన్ ఎందుకు తికమక పడుతుంది

భీమిలి వైపు అల వెనక్కి వెళ్లాక తడి ఇసుకను వంగి చూడండి. తెల్ల ఇసుక మీద నల్లటి చారలు, అక్కడక్కడా ఎర్రటి మెరుపు కనిపిస్తాయి. నల్లవి ఎక్కువగా ఇల్మనైట్, మాగ్నటైట్. ఎర్రవి గార్నెట్ రేణువులు. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు అరిగి, వాగులూ గెడ్డల మీదుగా సముద్రానికి చేరిన బరువైన ఖనిజాలివి. తేలికపాటి ఇసుకను అల ఊడ్చుకుపోతే ఇవి చారలుగా మిగులుతాయి.

మాగ్నటైట్ అయస్కాంత గుణం ఉన్న ఖనిజం. కాయిల్ కింద అదే పరచుకుని ఉంటే మెషీన్‌కు నేల మొత్తం సిగ్నల్ ఇస్తున్నట్టే ఉంటుంది. దానికి ఉప్పునీరు తోడవుతుంది. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి తడి ఇసుక కూడా బలహీనమైన లోహంలా పలుకుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే చవక మెషీన్లు పొడి ఇసుకలో బుద్ధిగా ఉండి, తడి ఇసుకలోకి రాగానే ఆపకుండా కూస్తాయి. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడే మెషీన్లు ఈ రొదను చాలావరకు వేరు చేయగలవు. పల్స్ ఇండక్షన్ రకం మెషీన్లు వేరే పద్ధతి పాటిస్తాయి. కరెంటును ఒక్కసారిగా ఆపి, ఆ తర్వాత మిగిలే సిగ్నల్‌ను వింటాయి. నల్ల ఇసుకలో, ఉప్పునీటిలో ఇవి నిలకడగా పనిచేస్తాయి గానీ ఇనుము ఏది, రాగి ఏది అని తేల్చి చెప్పడంలో బాగా వెనకబడతాయి. అన్నీ చేసే మెషీన్ లేదు.

ఇంకో సంగతి. ఆర్కే బీచ్ ఇసుక మొత్తం అక్కడిది కాదు. ఔటర్ హార్బర్ కట్టడాల వల్ల దక్షిణం నుంచి ఇసుక సహజంగా రావడం తగ్గి తీరం కోతకు గురవుతుంటే, ఓడరేవు దగ్గర డ్రెడ్జింగ్ చేసిన ఇసుకను ఎన్నో ఏళ్లుగా అక్కడికి పంప్ చేస్తున్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ తీరం రూపే మారిపోయింది. కాబట్టి ఆర్కే బీచ్‌లో ఒక పాత కానీ నాణెం దొరికితే అది అక్కడే పడిందనడానికి ఆధారం దాదాపు ఉండదు. డ్రెడ్జర్ మోసుకొచ్చి ఉండొచ్చు, తుఫాను తెచ్చి ఉండొచ్చు, నిరుడు కార్తీక పౌర్ణమి స్నానానికి వచ్చినవాళ్లు మొక్కుగా వేసిందీ కావొచ్చు. ఉప్పాడలో తుఫాను వెళ్లిన మర్నాడు ఒడ్డున జనం బంగారు రేణువుల కోసం ఇసుక జల్లించడం చూశాం. అక్కడ ఇళ్లూ గుళ్లూ సముద్రంలో కలిసిపోయాయి కాబట్టి అలాంటివి అల వెంట తిరిగొస్తాయి.

ఈ చుట్టుపక్కల ఏ నాణేలు తిరిగాయి

కొండల మీద బౌద్ధం వెలిగిన కాలం నుంచి మొదలుపెట్టొచ్చు. తొట్లకొండలో రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ఆరామానికి అంత దూరపు వర్తకంతో సంబంధం ఉందని చెప్పే గట్టి సాక్ష్యం అది. అనకాపల్లి దగ్గర శంకరంలో, బొజ్జన్నకొండ మీద 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. ఒకే కొండ మీద ఇన్ని కాలాల నాణేలు ఉన్నాయంటే అక్కడికి జనం రాకపోకలు ఎన్ని శతాబ్దాలు సాగాయో ఊహించుకోవచ్చు.

భీమిలిలో డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో వచ్చి, 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించేదాకా ఉన్నారు. వాళ్ల కంపెనీ గుర్తు ఉన్న రాగి డ్యూట్లు ఆసియాలోని డచ్చి స్థావరాల్లో చెలామణి అయ్యాయి. ఇటు వన్‌టౌన్ వైపు ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ నాణేలు తిరిగాయి: వరహాలు, ఫణాలు, కాసులు. వాటిలో కొన్నింటి మీద తెలుగు అక్షరాలు కూడా ముద్రించారు. 1835 నుంచి కంపెనీ పాలన ఉన్నచోటల్లా ఒకే రకం రూపాయి వచ్చింది: 11.66 గ్రాముల బరువు, అందులో 91.7 శాతం వెండి. ఆ తర్వాత మన తాతల నోట్లో నానిన దమ్మిడీలు, కానీలు, అణాలు, బేడలు, పావలాలు. చిల్లు కానీ 1943 నుంచి 1947 దాకా ముద్రించినది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి ఈ లెక్కంతా ముగిసింది.

నాణెం మీద వేసిన సంవత్సరం కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ఉన్న రూపాయలను 1874 దాకా అదే సంవత్సరం వేసి ముద్రించారు. ఇక రాముడి పట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మలతో 1616, 1717, 1818 అని వేసి "కంపెనీ నాణేలు" పేరుతో తిరిగేవి అసలు నాణేలే కావు. గుళ్ల దగ్గర అమ్మే టోకెన్లు. కంపెనీ అలాంటివి ఎప్పుడూ వేయలేదు. వీటికి లక్షలు వస్తాయని, పాత నాణేలు కొంటామని రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ముందుగా ఫీజులు గుంజేవాళ్ల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది.

నాణెం ఎక్కడుందో తెలియకపోతే ఏం పోతుంది

వీడియోల్లో ఎవరూ చెప్పని విషయం ఇదే. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

ఒక పాత ఇంటి పునాది కింద కుండలో 1862, 1877, 1901 సంవత్సరాల రూపాయలు కలిసి ఉన్నాయనుకుందాం. అన్నిటికంటే కొత్తది 1901 నాటిది. అంటే ఆ కుండను 1901కి ముందు పూడ్చి ఉండే అవకాశమే లేదు. ఇప్పుడు డిటెక్టర్‌తో ఎవరో తవ్వి, పైన చేతికందిన 1862 రూపాయి ఒక్కటే ఎవరికో చూపించారు. చూసినవాళ్లు ఈ ఇల్లు 1860ల నాటిదని తేల్చేస్తారు. 40 ఏళ్ల తేడా వచ్చేసింది. కుండ ఏ పొరలో ఉంది, పక్కన ఏ పెంకులున్నాయి, మసి ఉందా, ఎముకలున్నాయా అన్నవి కూడా కలిస్తేనే దాచినవాళ్ల కథ తెలుస్తుంది. నాణేన్ని బయటికి లాగిన మరుక్షణం ఆ కథ సగం చెరిగిపోతుంది.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర 2010లో దొరికింది. డిటెక్టర్ పట్టుకుని పొలంలో వెతుకుతున్న వ్యక్తికి కుండ మూతి తగిలింది. అతను అక్కడితో తవ్వడం ఆపి పురావస్తువాళ్లను పిలిచాడు. వాళ్లు కుండను పొరలు పొరలుగా ఖాళీ చేశారు. మొత్తం 52,503 రోమన్ నాణేలు. కాలక్రమంలో తర్వాతివి అయిన నాణేలు ఎక్కువ భాగం పైన కాకుండా బాగా లోపల ఉన్నాయి. ఏటేటా కొన్ని చొప్పున దాచుకున్న పొదుపైతే కొత్తవి పైన ఉండాలి. కాబట్టి ఆ కుండలో నాణేలన్నీ చాలావరకు ఒకేసారి పోశారని, బహుశా దేవతకు సమర్పించి ఉంటారని పరిశోధకులు వాదించగలిగారు. అతనే కుండను బోర్లించి సంచిలో నింపుకుని ఉంటే నాణేల సంఖ్య మారేది కాదు గానీ ఈ విషయం ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంటికి తెచ్చాక చేసే నష్టం వేరే. మనకు రాగి అనగానే చింతపండు గుర్తొస్తుంది. రాగి చెంబు తోమినట్టు నాణేన్నీ తోమేస్తారు. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగించేస్తుంది. కానీ వందల ఏళ్లు నేలలో ఉన్న రాగి నాణెం మీద అక్షరాల అంచులు నిలిచి ఉండేది చాలాసార్లు ఆ పచ్చటి పొరలోనే. తోమాక మిగిలేది మెరిసే రేకు. ఉప్పునేలలో ఉన్న రాగికి ఇంకో బాధ ఉంది. లోపలికి ఇంకిన క్లోరైడ్లు గాలి తేమ తగిలితే మళ్లీ రాజుకుంటాయి. లేతపచ్చటి పొడి రాలుతూ నాణెం లోపలి నుంచి తినేసుకుపోతుంది. విశాఖ గాలిలో తేమకు కొదవ లేదు కదా.

ఒక్క చట్టం కాదు, మూడు చట్టాలు

మొదటిది 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్. అందులో మెటల్ డిటెక్టర్ ఊసే లేదు. అప్పటికి ఆ మెషీనే లేదు. నేలలో గానీ, నేలకు అంటి ఉన్న కట్టడంలో గానీ దాచి ఉన్న, విలువ కలిగిన ఏ వస్తువైనా ఈ చట్టం ప్రకారం నిధే. విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి: ఏం దొరికింది, ఎంత విలువ ఉండొచ్చు, ఎక్కడ, ఎప్పుడు. వస్తువును ట్రెజరీలో జమచేయాలి, లేదా హామీ ఇవ్వాలి. కలెక్టర్ ప్రకటన ఇచ్చి, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఒక తేదీ పెట్టి, హక్కుదారులెవరైనా ఉంటే రమ్మంటారు. వందేళ్ల లోపు తామే దాచామని, లేదా తమ పూర్వీకులు దాచారని ఎవరైనా వస్తే సివిల్ కోర్టుకు వెళ్లడానికి గడువిస్తారు. ఎవరూ రాకపోతే యజమాని లేని నిధిగా ప్రకటిస్తారు. అప్పుడు, వేరే ఒప్పందం లేకుంటే, దొరికినవాళ్లకు నాలుగింట మూడొంతులు, స్థలం యజమానికి నాలుగో వంతు. స్థలం తనదని ఎవరూ అడగకపోతే మొత్తం దొరికినవాళ్లకే. చెప్పకుండా దాచుకుంటే ఆ వాటా ప్రభుత్వానికి పోతుంది, పైగా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కాబట్టి "దొరికిందల్లా ప్రభుత్వానిదే" అన్న మాటను చట్టం అన్నది అన్నట్టు బలపరచదు. ముందుగా చెప్పి తీరాలని మాత్రం గట్టిగా అంటుంది.

1878లో పది రూపాయలంటే పది వెండి రూపాయలు, దాదాపు 107 గ్రాముల వెండి. అంకె ఇప్పటికీ పదే. ఈనాడు ఒక్క చిల్లు కానీకి కూడా అంతకంటే ఎక్కువ ధర పలుకుతుంది. పెద్ద నిధుల కోసం పెట్టిన గీత ఇప్పుడు దాదాపు ప్రతి పాత నాణేన్నీ చట్టం లోపలికి తెచ్చేసింది.

రెండో చట్టం స్థలానికి సంబంధించినది. రక్షిత కట్టడాలు, పురావస్తు స్థలాల కోసం కేంద్రానికి 1958 చట్టం, రాష్ట్రానికి 1960 చట్టం ఉన్నాయి. బొజ్జన్నకొండ కేంద్ర రక్షణలో, తొట్లకొండ, బావికొండ రాష్ట్ర రక్షణలో ఉన్నాయి. ఇలాంటి చోట అనుమతి లేకుండా తవ్వడమే నేరం. ఏమైనా దొరికిందా లేదా అన్నది తర్వాతి మాట. 100 మీటర్లు, 200 మీటర్లు అంటూ వినిపించే అంకెలు కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ నిర్మాణాలు, మైనింగ్ నియంత్రించడానికి పెట్టినవి. 100 మీటర్లు దాటితే హాయిగా తవ్వుకోవచ్చని వాటి అర్థం కాదు.

మూడోది 1972 నాటి పురావస్తువుల చట్టం. వందేళ్లకు తగ్గని నాణెం ఈ చట్టం కింద పురావస్తువే. విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్ నాణేలన్నీ ఆ గీత దాటాయి. ఐదో జార్జ్ నాణేల్లో 1911 నాటివి దాటాయి, 1930లవి ఇంకా దాటలేదు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా అమ్మే వ్యాపారం చేయకూడదు. తాతల నాటి రూపాయి ఇంట్లో ఉంచుకోవడాన్ని ఈ చట్టం నేరమనలేదు. "జైలే" అని భయపెట్టే మాటకు మూలం ఎగుమతి నిషేధం.

ఇప్పుడు కొన్ని సందర్భాలకు ఇవి ఎలా వర్తిస్తాయో చూద్దాం. రుషికొండ బీచ్‌లో పేరు చెక్కి ఉన్న కొత్త బంగారు ఉంగరం దొరికితే అది పోగొట్టుకున్న వస్తువు, నిధి కాదు. యజమానిని వెతికే ప్రయత్నం చేయకుండా సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 403, వర్తించవచ్చు. అదే బీచ్‌లో ఒంటరిగా ఒక 1835 రాగి నాణెం దొరికితే ఇక్కడే అసలైన సందిగ్ధం. చట్టం చెప్పేది దాచిన వస్తువు గురించి. ఎవరి జేబులోంచో జారిపడిన నాణెం దాచినదవుతుందా? కాదని వాదించవచ్చు. కానీ దాచిందో జారిందో తేల్చాల్సింది విచారణ చేసే కలెక్టర్ గానీ దొరికిన మనిషి కాదని ఎదురు వాదన. సముద్రం అడుగున, ప్రాదేశిక జలాల్లో ఉన్న విలువైన వస్తువులైతే రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానికి చెందుతాయి.

ఇక వన్‌టౌన్‌లో ఇల్లు కూలుస్తుంటే కుండలో 40 విక్టోరియా రూపాయలు బయటపడ్డాయనుకుందాం. ఇది మొదటి చట్టం కిందికి సూటిగా వస్తుంది. ఒక్కో నాణెంలో వెండి 10.692 గ్రాములు, 40కి సుమారు 427.7 గ్రాములు. లెక్క తేలిగ్గా ఉండేందుకు గ్రాము 100 రూపాయలనుకుంటే 42,770 రూపాయలు. ప్రభుత్వం మ్యూజియం కోసం తీసుకోవాలనుకుంటే 16వ సెక్షన్ ప్రకారం లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి: మొత్తం 51,324. అందులో దొరికినవాళ్లకు 38,493, స్థలం యజమానికి 12,831.

అనుమతించాలా, ఆపాలా

డిటెక్టర్ వాడకం మీద లోకంలో ఒకే అభిప్రాయం లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో పొలం యజమాని ఒప్పుకుంటే వెతకవచ్చు. రక్షిత స్థలాల్లో కుదరదు. 1996 చట్టం ప్రకారం నిధి అనదగింది దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. నిధి కిందికి రాని చిన్న వస్తువులను స్వచ్ఛందంగా చూపించి నమోదు చేయించుకునే పథకం 1997లో మొదలై, ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులను నమోదు చేసింది. మామూలుగా అయితే నాగలి కింద నలిగిపోయే వస్తువులు ఇలా చరిత్రకు దక్కుతున్నాయని ఆ విధానాన్ని మెచ్చేవాళ్లు అంటారు. స్టాఫర్డ్‌షైర్‌లో 2009లో దొరికిన ఆంగ్లో-సాక్సన్ బంగారు నిధికి 32.85 లక్షల పౌండ్ల విలువ కట్టి, దొరికిన వ్యక్తికీ పొలం యజమానికీ పంచారు. సరైన ధర ఇస్తే జనం దాచిపెట్టరన్నది వాళ్ల వాదన.

ఎదుటి పక్షం మాటలోనూ బలం ఉంది. నమోదైన ఒక్క వస్తువు వెనక నమోదు కానివి ఎన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. అక్కడ కూడా రాత్రిళ్లు దొంగచాటుగా రక్షిత స్థలాలు తవ్వేవాళ్లు ఉన్నారు. పైగా ఇంగ్లండ్ పొలం ఏటా దున్నేది, పై పొర ఎప్పుడో కలిసిపోయినది. మన దగ్గర ఊరి పక్క దిబ్బలో పై జానెడు మట్టిలోనే పొరలు చెక్కుచెదరకుండా ఉండొచ్చు. గుప్తనిధుల పిచ్చి ఇంతగా ఉన్నచోట మెషీన్‌కు తలుపు తీస్తే గుళ్లకూ దిబ్బలకూ ఏమవుతుందన్న భయం నాకు సబబుగానే తోస్తుంది. తరచూ అటూ ఇటూ అయ్యే బీచ్ ఇసుకనూ, కదలని దిబ్బనూ ఒకే గాటన కట్టకూడదన్న మాటా అంతే సబబు. ఆర్కే బీచ్ ఇసుకలో పొరల సాక్ష్యం ఎప్పుడో కలిసిపోయింది. తొట్లకొండ వాలులో అది ఇంకా ఉంది.

ఇద్దరూ ఒప్పుకునే లోపం ఒకటుంది, అది 16వ సెక్షన్‌లోని ధర. కుండెడు వెండి రూపాయల విషయంలో ఆ లెక్క ఫరవాలేదనిపిస్తుంది. సీసం నాణెం దగ్గరికొస్తే చూడండి. 5 గ్రాముల శాతవాహన నాణెం ఒక రైతు గట్టు సరిచేస్తుంటే దొరికిందనుకుందాం. కిలో సీసం 200 రూపాయలనుకుంటే ఆ నాణెంలో లోహం విలువ ఒక రూపాయి. ఐదో వంతు కలిపితే రూపాయి ఇరవై పైసలు. తొట్లకొండలో దొరికినలాంటి నాణేన్ని ప్రభుత్వం తీసుకుంటే, చట్టం ప్రకారం ఇవ్వాల్సింది అంతే. దానికోసం రాతపూర్వకంగా కలెక్టర్‌కు తెలియజేసి, నెలల తరబడి నడిచే విచారణకు ఆ రైతు పని మానుకుని తిరగాలి. నాణేల సేకరణ చేసేవాళ్లు ఆ రోజే వందలు చేతిలో పెడతారు. చరిత్ర విలువను బట్టి ధర కట్టాలని, చెప్పినవాళ్లకు గుర్తింపు ఇవ్వాలని అడిగేవాళ్ల వాదనంతా ఈ రూపాయి ఇరవై పైసల దగ్గరే మొదలవుతుంది.